ఎవరీ ఎమీ జాన్సన్? సిమ్యులేటర్‌లో మీరు నడిపే ఆ రేస్ విమానం అలహాబాద్‌లో ఎందుకు ఆగిపోయింది?

ఫ్లైట్ సిమ్యులేటర్‌లో పాతకాలం విమానాలు నడిపే అలవాటు ఉన్నవాళ్లకు డీహెచ్ 88 కామెట్ పేరు కొత్తగా చెప్పక్కర్లేదు. పొడవాటి ముక్కు, సన్నటి రెక్కలు, రెండు ఇంజిన్లు, ఒకరి వెనక ఒకరు కూర్చునే ఇద్దరు పైలట్లు. 1934లో ఇంగ్లండ్ నుంచి ఆస్ట్రేలియా దాకా జరిగిన రేస్ కోసమే పుట్టిన విమానం ఇది. 2003లో మైక్రోసాఫ్ట్ విడుదల చేసిన ఫ్లైట్ సిమ్యులేటర్ 2004లో రైట్ సోదరుల విమానంతో పాటు దీన్ని కూడా పెట్టారు. విమానయానానికి వందేళ్లు నిండిన సందర్భంగా వచ్చిన వెర్షన్ అది.

ఆ రేస్ గెలిచింది ఎర్ర కామెట్. అందరికీ గుర్తున్నదీ అదే. కానీ ఆ రోజు అన్ని విమానాల కంటే ముందు గాల్లోకి లేచింది ఎర్రది కాదు.. నల్లది. పేరు బ్లాక్ మ్యాజిక్. అందులో ఉన్న ఇద్దరిలో ఒకరు ఎమీ జాన్సన్. ఇంగ్లండ్ నుంచి ఇండియాకు అప్పటిదాకా ఎవరూ రానంత వేగంగా వచ్చేసిన ఆ విమానం, మన గడ్డ మీదే ఆగిపోయింది. కారణం తుపాను కాదు, యుద్ధం కాదు. ఊరి బస్సుల్లో పోసే పెట్రోల్!

ఇంజిన్ గురించి మగ పైలట్లలో చాలామందికి తెలియనంత తెలిసిన మహిళ ఆమె. అలాంటి ఆమె రేస్ అలా ఎందుకు ముగిసింది? ఆ తర్వాత ఏడేళ్లు కూడా గడవకముందే ఆమె ఎలా మాయమైపోయింది? ఓసారి చూద్దాం.

చేపల వ్యాపారి ఇంట్లో పుట్టి..

ఎమీ జాన్సన్ పుట్టింది 1903 జులై 1న. ఇంగ్లండ్ తూర్పు తీరంలోని హల్ అనే రేవు పట్టణంలో. అదే ఏడాది డిసెంబర్‌లో అమెరికాలో రైట్ సోదరులు మొదటిసారి విమానం ఎగరేశారు. అంటే ఎమీ, విమానం ఒకే ఏడాది పుట్టారన్నమాట.

ఇంట్లో చేపల వ్యాపారం. తండ్రి జాన్ విలియం జాన్సన్‌కు ఊళ్లో మంచి పేరుంది. ఆడపిల్లల్లో ఎమీయే పెద్దది. షెఫీల్డ్ యూనివర్సిటీలో ఎకనామిక్స్ ప్రధానంగా బీఏ చేసింది. ఆ రోజుల్లో ఓ అమ్మాయి డిగ్రీ చేయడమే పెద్ద విషయం. కానీ డిగ్రీ చేతికొచ్చాక దొరికిన ఉద్యోగాలు మాత్రం మామూలువే. లండన్ వెళ్లి ఓ లాయర్ దగ్గర సెక్రటరీగా చేరింది. రోజంతా టైపింగ్, ఫైళ్లు, ఉత్తరాలు.

1928లో లండన్ శివార్లలోని స్టాగ్ లేన్ ఎయిర్‌ఫీల్డ్‌లో ఉన్న లండన్ ఏరోప్లేన్ క్లబ్‌లో చేరడంతో ఆమె జీవితం మలుపు తిరిగింది. పుట్టుకతోనే పైలట్ అని చెప్పుకునే రకం కాదు ఎమీ. నేర్చుకోవడానికి టైమ్ పట్టింది. ల్యాండింగ్‌లు తడబడ్డాయి. అయినా వదల్లేదు. 1929లో పైలట్ లైసెన్స్ వచ్చేసింది.

చేతులకు గ్రీజు.. అదే అసలు బలం

లైసెన్స్ వచ్చాక చాలామంది డబ్బున్న పైలట్లు ఏం చేసేవారు? ఎక్కడం, తిప్పడం, దిగడం. ఇంజిన్ సంగతి మెకానిక్ చూసుకునేవాడు. ఎమీ మాత్రం హ్యాంగర్‌లోకి వెళ్లింది. ఆఫీసుకు వెళ్లేముందు, ఆఫీసు అయ్యాక అక్కడే. నూనె మరకలు, స్పానర్లు, విప్పిన ఇంజిన్ల మధ్య పని నేర్చుకుంది. చీఫ్ ఇంజినీర్ జాక్ హంఫ్రీస్ ఆమెకు గురువు.

1929లోనే ఆమెకు గ్రౌండ్ ఇంజినీర్ లైసెన్స్ వచ్చింది. బ్రిటన్‌లో ఆ లైసెన్స్ సంపాదించిన మొదటి మహిళ ఆమే. ఎమీ జీవితంలో రికార్డుల కంటే ముందు గుర్తుపెట్టుకోవాల్సింది ఇదే. ఆమె పైలట్ మాత్రమే కాదు, మెకానిక్ కూడా. ఒంటరిగా సగం ప్రపంచం దాటే ధైర్యం అక్కడి నుంచే వచ్చింది.

600 పౌండ్లు.. సెకండ్ హ్యాండ్ విమానం

ఆస్ట్రేలియా దాకా ఒంటరిగా వెళ్తానని ఆమె అన్నప్పుడు చాలామంది నమ్మలేదు. అప్పటికి ఆమె గాల్లో గడిపిన సమయం వంద గంటలు కూడా నిండలేదు. చేసిన అతి పెద్ద ప్రయాణం లండన్ నుంచి సొంతూరు హల్ దాకా.. దాదాపు 240 కిలోమీటర్లు. వెళ్లాల్సింది మాత్రం 18 వేల కిలోమీటర్లు!

చివరికి తండ్రి, ఆయిల్ వ్యాపారి లార్డ్ వేక్‌ఫీల్డ్ కలిసి డబ్బు పెట్టారు. 600 పౌండ్లకు ఓ సెకండ్ హ్యాండ్ జిప్సీ మాత్ విమానం కొన్నారు. పైకప్పు లేని కాక్‌పిట్, ఒకే ఇంజిన్, గుడ్డ చుట్టిన చెక్క రెక్కలు. రేడియో లేదు. నాన్న చేపల వ్యాపారం ట్రేడ్‌మార్క్ జేసన్. విమానానికీ అదే పేరు పెట్టింది. దారిలో పెట్రోల్, ఆయిల్ అందే ఏర్పాట్లలో వేక్‌ఫీల్డ్ సాయం చేశాడు. ఈ పెట్రోల్ విషయం గుర్తుపెట్టుకోండి, తర్వాత మళ్లీ వస్తుంది.

1930 మే 5న క్రోయ్‌డన్ నుంచి బయల్దేరింది. వియన్నా, కాన్‌స్టాంటినోపుల్, అలెప్పో, బాగ్దాద్, బందర్ అబ్బాస్ మీదుగా ప్రయాణం. బాగ్దాద్ వెళ్లే దారిలో ఇసుక తుపాను పట్టేసింది. కళ్ల ముందు ఏమీ కనిపించని పరిస్థితుల్లో ఎడారిలోనే దించేసి, విమానం కొట్టుకుపోకుండా కాపాడుకుంది. తుపాను తగ్గాక మళ్లీ ఎగిరింది.

బయల్దేరిన ఆరో రోజు, మే 10న కరాచీలో దిగింది. ఇంగ్లండ్ నుంచి ఇండియాకు ఒంటరిగా అంత త్వరగా అప్పటిదాకా ఎవరూ రాలేదు. మగవాళ్లు కూడా! అప్పటిదాకా పెద్దగా పట్టించుకోని పేపర్లన్నీ ఒక్కసారిగా ఆమె వైపు తిరిగాయి.

ఇంకో ఆసక్తికరమైన సంగతి ఏంటంటే.. అదే మే నెల మొదట్లో అదే కరాచీ నుంచి ఓ భారతీయ యువకుడు ఇంగ్లండ్ వైపు ఒంటరిగా బయల్దేరాడు. ఆయనే జేఆర్‌డీ టాటా. ఆగాఖాన్ ప్రకటించిన బహుమతి కోసం జరిగిన పోటీ అది. గెలిచింది మాత్రం అటు నుంచి ఇటు వచ్చిన ఆస్పీ ఇంజినీర్. అంటే ఆ నెలలో ఇంగ్లండ్-ఇండియా ఆకాశంలో ఓ కొత్త తరం చిన్న చిన్న విమానాల్లో అటూ ఇటూ తిరుగుతోందన్నమాట.

ఝాన్సీలో దెబ్బ.. జావాలో ప్లాస్టర్

కరాచీ నుంచి ఒకే దూకుడులో అలహాబాద్ చేరాలన్నది ప్లాన్. కుదర్లేదు. పెట్రోల్ తగ్గిపోవడంతో ఝాన్సీలో సైనికుల పరేడ్ గ్రౌండ్‌లో దించేసింది. జాగా చాలక రెక్కకు దెబ్బ తగిలింది. అక్కడివాళ్ల సాయంతో బాగుచేయించుకుని అలహాబాద్, అక్కణ్నుంచి కలకత్తా చేరింది.

రంగూన్ దగ్గర ఇంకా పెద్ద దెబ్బ. వానలో నేల సరిగ్గా కనిపించక ఇన్‌సీన్‌లో ఓ ఆటస్థలంలో దిగితే, విమానం వెళ్లి గుంటలో పడింది. ప్రొపెల్లర్ విరిగింది, చక్రాలు, రెక్క దెబ్బతిన్నాయి. అక్కడి ఇంజినీరింగ్ సంస్థ వాళ్లతో కలిసి రిపేర్ చేయడానికే రోజులు పట్టింది. అప్పటిదాకా రికార్డు కంటే ముందున్న ఎమీ అక్కడే వెనకబడిపోయింది. జావాలో దిగిన చోట వెదురు గుంజలు గుచ్చుకుని రెక్కల గుడ్డ చిరిగితే, గాయాలకు వేసే ప్లాస్టర్ అంటించి మళ్లీ ఎగిరింది.

చివరగా తైమూర్ సముద్రం. కింద నీళ్లు తప్ప ఏమీ లేవు. ఇంజిన్ ఆగితే అంతే సంగతి. ఇంజిన్ ఆగలేదు. 1930 మే 24న ఆస్ట్రేలియాలోని డార్విన్‌లో దిగింది. మొత్తం 19 రోజులకు పైగా. అంతకుముందు బెర్ట్ హింక్లర్ పేరిట ఉన్న పదిహేనున్నర రోజుల రికార్డు పదిలంగానే ఉంది. కానీ ఇంగ్లండ్ నుంచి ఆస్ట్రేలియాకు ఒంటరిగా ఎగిరిన మొదటి మహిళగా ఎమీ చరిత్రలో నిలిచిపోయింది. వయసు 26.

పగలంతా ఎగరడం, రాత్రి దిగాక ఇంజిన్ శుభ్రం చేయడం, పెట్రోల్ నింపుకోవడం, కాసేపు నిద్ర, తెల్లారకముందే మళ్లీ ప్రయాణం. ఆ 19 రోజులూ ఇదే రొటీన్. ఆ పాత ఇంజిన్ అంత దూరం లాగిందంటే అదృష్టంతో పాటు ఆ రాత్రి పనికీ అందులో వాటా ఉంది.

స్టార్‌డమ్.. దాని వెనక అలసట

ఆస్ట్రేలియాలో జనం ఎగబడ్డారు. బ్రిటన్ ప్రభుత్వం సీబీఈ గౌరవం ఇచ్చింది. డైలీ మెయిల్ పత్రిక 10 వేల పౌండ్లు ఇచ్చి ఊరూరా టూర్ పెట్టించింది. ఆమె మీద పాటలు వచ్చాయి. కానీ వరుస సభలు, విందులు, షేక్‌హ్యాండ్‌లతో ఆమె బాగా నలిగిపోయింది. టూర్ మధ్యలోనే ఆపేయాల్సి వచ్చింది.

విమానం మాత్రం ఆపలేదు. 1931లో గురువు జాక్ హంఫ్రీస్‌తో కలిసి లండన్ నుంచి మాస్కోకు ఒక్క రోజులో చేరింది. అక్కణ్నుంచి సైబీరియా మీదుగా జపాన్ వెళ్లి మరో రికార్డు పెట్టింది. ఈసారి విమానం పుస్ మాత్. 1932 అక్టోబర్‌లో జేఆర్‌డీ టాటా కరాచీ నుంచి బొంబాయికి మొదటి టపా మోసుకొచ్చింది కూడా పుస్ మాత్‌లోనే.

1932లో స్కాట్లండ్‌కు చెందిన పైలట్ జిమ్ మోలిసన్‌ను పెళ్లి చేసుకుంది. ఆయనా రికార్డుల మనిషే. అదే ఏడాది నవంబర్‌లో ఎమీ లండన్ నుంచి కేప్‌టౌన్‌కు ఒంటరిగా ఎగిరి రికార్డు కొట్టింది. ఆ రికార్డు అప్పటిదాకా ఎవరిదో తెలుసా? సొంత భర్తదే!

1933లో ఇద్దరూ కలిసి వేల్స్ నుంచి న్యూయార్క్ బయల్దేరారు. అట్లాంటిక్ దాటేశారు. న్యూయార్క్ ఇంకొద్ది దూరం ఉండగా పెట్రోల్ అయిపోవచ్చింది. కనెటికట్‌లోని బ్రిడ్జ్‌పోర్ట్ దగ్గర చీకట్లో దిగబోయి విమానం తలకిందులైంది. ఇద్దరికీ గాయాలు. అయినా న్యూయార్క్ జనం వీధుల్లో కాగితపు ముక్కలు చల్లి ఊరేగించారు.

చాక్లెట్ వ్యాపారి పెట్టిన రేస్

1934లో మెల్‌బోర్న్ నగరానికి వందేళ్ల పండగ. ఆ ఊరి మిఠాయి, చాక్లెట్ వ్యాపారి సర్ మాక్‌ఫర్సన్ రాబర్ట్‌సన్ రేస్‌కు డబ్బు ఇచ్చాడు. అందుకే దాన్ని మాక్‌రాబర్ట్‌సన్ ఎయిర్ రేస్ అంటారు. మొదటి బహుమతి 10 వేల పౌండ్లు, ఓ బంగారు కప్పు. ఇంగ్లండ్‌లోని మిల్డెన్‌హాల్ నుంచి మెల్‌బోర్న్‌కు.. సుమారు 18 వేల కిలోమీటర్లు. మధ్యలో ఐదు చోట్ల తప్పనిసరిగా దిగాలి. బాగ్దాద్, అలహాబాద్, సింగపూర్, డార్విన్, చార్లెవిల్.

అమెరికా విమానాలు అప్పటికే వేగంలో ముందున్నాయి. బ్రిటన్ పరువు నిలబెట్టాలని డీ హావిలాండ్ కంపెనీ ఓ ఆఫర్ పెట్టింది. రేస్ కోసం ప్రత్యేక విమానం, ఒక్కోటి 5 వేల పౌండ్లు. తయారీ ఖర్చు కంటే అది తక్కువ. మూడు ఆర్డర్లు వచ్చాయి. ఒకటి మోలిసన్ దంపతులది, నలుపు మీద బంగారు రంగు గీతలు. రెండోది గ్రోవ్‌నర్ హౌస్ హోటల్ వాళ్లది, ఎరుపు. మూడోది ఆకుపచ్చ.

కామెట్ మొదటిసారి గాల్లోకి లేచింది 1934 సెప్టెంబర్ 8న. రేస్ అక్టోబర్ 20న. అంటే పరీక్షలకు దొరికింది ఆరు వారాలే! ఎంత తొందరో అర్థం చేసుకోవచ్చు.

సిమ్యులేటర్‌లో చెమటలు పట్టించే విమానం

కామెట్‌ను సిమ్యులేటర్‌లో నడిపినవాళ్లు మొదట గమనించేది ఒకటే. ముందు ఏమీ కనిపించదు. పెట్రోల్ ట్యాంకులన్నీ కాక్‌పిట్‌కు ముందు పెట్టి, పైలట్లను బాగా వెనక్కి నెట్టేశారు. తోక కింద చక్రం లాంటి ఏర్పాటు కాబట్టి నేల మీద ఉన్నప్పుడు ముక్కు ఆకాశం చూస్తుంటుంది. రన్‌వే కనిపించాలంటే పక్కలకు చూడాల్సిందే.

రెండోది, సన్నని రెక్కలు. వేగం కోసం చెక్కినవి. ల్యాండింగ్‌లో వేగం కాస్త తగ్గినా రెక్క చివరలు పట్టు వదిలేస్తాయి, విమానం ఒక్కసారిగా ఓ పక్కకు ఒరిగిపోతుంది. చక్రాలు లోపలికి ముడుచుకునే రకమే, కానీ మోటార్ లేదు. చేత్తో తిప్పాలి.

మూడోది ప్రొపెల్లర్. ఇదైతే మరీ విచిత్రం. టేకాఫ్‌కు ఒక కోణం, ప్రయాణానికి ఇంకో కోణం. టేకాఫ్‌కు ముందు సైకిల్ పంపుతో అందులో గాలి కొట్టేవారు. విమానం వేగం అందుకోగానే ముందున్న చిన్న బిళ్ల మీద గాలి ఒత్తిడి పడి, లోపలి గాలి బయటకు పోయి, బ్లేడ్లు రెండో కోణానికి మారిపోయేవి. ఇక గాల్లో ఉన్నంతసేపూ మళ్లీ వెనక్కి తిప్పడం కుదరదు. అంటే ల్యాండింగ్ తప్పి మళ్లీ పైకి లేవాలంటే ఇంజిన్‌కు ప్రాణం మీదకొచ్చినట్టే.

అసలు కామెట్‌లో ఎమీ, జిమ్ ఇవన్నీ చేసింది నిద్ర లేకుండా, రాత్రి చీకట్లో, జీపీఎస్ అన్న మాటే పుట్టని కాలంలో. సిమ్యులేటర్‌లో తప్పితే మళ్లీ మొదలుపెట్టొచ్చు. వాళ్లకు ఆ బటన్ లేదు.

ఒక్క రోజులోపే కరాచీ.. ఆ తర్వాత?

60కి పైగా ఎంట్రీలు వస్తే, చివరికి గీత దగ్గర నిలిచినవి 20 విమానాలు. 1934 అక్టోబర్ 20 తెల్లవారుజామున ఆరున్నరకు మొదట లేచింది బ్లాక్ మ్యాజిక్. 4 వేల కిలోమీటర్లకు పైగా ఉన్న బాగ్దాద్‌కు ఎక్కడా ఆగకుండా వెళ్లిపోయింది. అక్కడికి మొదట చేరింది కూడా వీళ్లే. తర్వాత కరాచీ. బయల్దేరిన సుమారు 22 గంటలకు కరాచీలో దిగారు. కొత్త రికార్డు.

ఒక్కసారి ఆలోచించండి. నాలుగేళ్ల క్రితం ఇదే ఎమీ ఇదే కరాచీకి ఆరు రోజుల్లో వస్తే ప్రపంచం ఆశ్చర్యపోయింది. ఇప్పుడు ఒక్క రోజు కూడా పట్టలేదు.

ఇక్కడి నుంచే కష్టాలు మొదలయ్యాయి. కరాచీలో లేచాక చక్రాలు ముడుచుకోలేదు. వెనక్కి వచ్చి బాగుచేయించుకోవాల్సి వచ్చింది. విలువైన గంటలు పోయాయి. మళ్లీ బయల్దేరేసరికి రాత్రి ప్రయాణం. కరాచీ నుంచి అలహాబాద్ సుమారు 1,500 కిలోమీటర్లు. చీకట్లో దారి తప్పారు. పెట్రోల్ తగ్గిపోతుండగా అలహాబాద్‌కు నైరుతి దిక్కున, 300 కిలోమీటర్లకు పైగా దూరంలో ఉన్న జబల్‌పూర్‌లో దిగారు.

జబల్‌పూర్ రేస్ దారిలో లేదు. విమానాలకు వాడే మేలు రకం పెట్రోల్ అక్కడ లేదు. దొరికింది స్థానిక బస్సుల కంపెనీ దగ్గరున్న పెట్రోల్. అదే పోయించుకున్నారు.

మామూలు పెట్రోల్ పోస్తే ఏమవుతుంది? కామెట్‌లోని జిప్సీ సిక్స్ ఇంజిన్లను రేస్ కోసం ప్రత్యేకంగా మార్చారు. లోపల పెట్రోల్-గాలి మిశ్రమాన్ని మామూలు ఇంజిన్ల కంటే గట్టిగా నొక్కి మండిస్తాయి. అప్పుడే ఎక్కువ శక్తి వస్తుంది. అంత నొక్కుడు తట్టుకోవాలంటే ఆక్టేన్ ఎక్కువున్న పెట్రోల్ కావాలి. తక్కువ రకం పోస్తే అది టైమ్‌కు ముందే భగ్గున అంటుకుంటుంది. బైక్ ఎత్తు ఎక్కేటప్పుడు ఇంజిన్ టకటకమని కొట్టుకుంటుంది చూడండి, అలాంటిదే. కాకపోతే ఇది గాల్లో, పూర్తి వేగంతో. వేడి పెరిగి పిస్టన్లు దెబ్బతింటాయి.

సరిగ్గా అదే జరిగింది. ఒక ఇంజిన్‌లో పిస్టన్ పట్టేసింది, ఆయిల్ పైపు పగిలింది. ఒంటి ఇంజిన్‌తో ఎలాగోలా అలహాబాద్ చేరారు. అక్కడితో వాళ్ల రేస్ ముగిసింది.

ఎమీకి ఇది తెలియని విషయమా? గ్రౌండ్ ఇంజినీర్ లైసెన్స్ ఉన్న మనిషి. ఏ పెట్రోల్ పోస్తే ఇంజిన్ ఏమవుతుందో ఆమెకు తెలిసినంతగా రేస్‌లో ఎంతమందికి తెలుసు? కానీ జబల్‌పూర్‌లో ఆమె ముందున్నవి రెండే దారులు. ఆ పెట్రోల్ పోసుకుని వెళ్లడం, లేదంటే అక్కడే కూర్చోవడం. 1930లో ఆమె ఎంతసేపైనా ఆగి రిపేర్ చేసుకుంది. రేస్‌లో ఆగడమంటే ఓడిపోవడమే.

గెలిచిందెవరు?

ఎర్ర కామెట్‌లో సీడబ్ల్యూఏ స్కాట్, టామ్ క్యాంప్‌బెల్ బ్లాక్ అలహాబాద్ దాటేసి దూసుకెళ్లారు. వాళ్లకూ ఓ ఇంజిన్ మొరాయించింది. అయినా సుమారు 71 గంటల్లో మెల్‌బోర్న్ చేరి గెలిచారు. రెండో స్థానం డచ్ కంపెనీ కేఎల్‌ఎమ్ నడిపిన డీసీ-2కు. అది రేస్ విమానం కూడా కాదు! ప్రయాణికులను, టపాను ఎక్కించుకుని వచ్చిన మామూలు సర్వీస్ విమానం. ఆస్ట్రేలియాలో తుపానులో దారి తప్పితే, ఆల్బరీ ఊరి జనం గుర్రప్పందేల మైదానంలో కార్ల లైట్లు వేసి దాన్ని దించారు.

ఈ రేస్ సరదా ఆట మాత్రం కాదు. ఇటలీలో ఓ విమానం కూలి ఇద్దరు పైలట్లు చనిపోయారు.

రికార్డుల కాలం ముగిసింది

అలహాబాద్ తర్వాత ఎమీ పేరు వెనకబడలేదు. 1935 నుంచి 1937 దాకా బ్రిటన్‌లోని మహిళా ఇంజినీరింగ్ సొసైటీకి అధ్యక్షురాలిగా ఉంది. 1936 మేలో కేప్‌టౌన్ రికార్డును మళ్లీ తన పేరిట రాసుకుంది. అదే ఆమె చివరి పెద్ద రికార్డు. 1938లో మోలిసన్‌తో విడాకులు.

అప్పటికి కాలం మారిపోయింది. డీసీ-2 లాంటి విమానాలు టికెట్ కొన్నవాళ్లను దేశాలు దాటిస్తుంటే, ఒంటరి రికార్డులకు డబ్బు పెట్టేవాళ్లు తగ్గిపోయారు. అనుభవం బోలెడు ఉన్నా, ఓ మహిళకు ఎయిర్‌లైన్స్‌లో పైలట్ ఉద్యోగం అందని రోజులవి.

తర్వాత రెండో ప్రపంచ యుద్ధం. 1940లో ఎమీ ఎయిర్ ట్రాన్స్‌పోర్ట్ ఆక్సిలియరీలో చేరింది. ఫ్యాక్టరీల నుంచి, రిపేర్ షెడ్ల నుంచి విమానాలను ఎయిర్‌ఫోర్స్ స్థావరాలకు చేర్చడం వాళ్ల పని. రేడియో వాడకుండా, కిటికీలోంచి నేలను చూసుకుంటూ నడపాలి. ప్రపంచ ప్రసిద్ధ పైలట్ అయినా అందరితో పాటే పరీక్షలు, అందరితో పాటే డ్యూటీ. మహిళలకు జీతం మాత్రం మగవాళ్ల కంటే తక్కువ. సమాన జీతం 1943లో వచ్చింది. అప్పటికి ఎమీ లేదు.

1941 జనవరి 5.. ఏం జరిగింది?

ఆ రోజు ఎమీ ఎయిర్‌స్పీడ్ ఆక్స్‌ఫర్డ్ అనే రెండింజిన్ల విమానాన్ని బ్లాక్‌పూల్ నుంచి ఆక్స్‌ఫర్డ్ దగ్గరున్న కిడ్లింగ్టన్‌కు తీసుకెళ్లాలి. మామూలుగా అయితే గంట, గంటన్నర ప్రయాణం. వాతావరణం బాగాలేదు. గడ్డకట్టే చలి, దట్టమైన మబ్బు.

మూడున్నర గంటలు దాటాక, వెళ్లాల్సిన చోటికి చాలా దూరంగా, థేమ్స్ నది సముద్రంలో కలిసే చోట హెర్న్ బే దగ్గర ఓ పారాషూట్ దిగడం నౌకల్లోని వాళ్లు చూశారు. అది ఎమీయే. హేజల్‌మియర్ అనే నౌక దగ్గరికి వెళ్లింది. తాళ్లు విసిరారు. అలల్లో అందుకోలేకపోయింది. నౌక కెప్టెన్ లెఫ్టినెంట్ కమాండర్ వాల్టర్ ఫ్లెచర్ ఆ మంచు నీళ్లలోకి స్వయంగా దూకాడు. ఆయన్ను పైకి తీసినా ప్రాణం నిలవలేదు. ఎమీ శవం ఈ రోజుకీ దొరకలేదు. వయసు 37.

ఎందుకలా జరిగిందన్న దాని మీద చాలా కథలున్నాయి. మబ్బుల్లో దారి తప్పి, పెట్రోల్ అయిపోయి దూకేసి ఉంటుందన్నది ఎక్కువమంది నమ్మే కారణం. శత్రు విమానం అనుకుని బ్రిటిష్ గన్నర్లే కాల్చారన్న వాదన దశాబ్దాల తర్వాత బయటికొచ్చింది. ఏదీ రుజువు కాలేదు.

ఆ విమానాలు ఇప్పుడెక్కడ?

ఎమీని ఆస్ట్రేలియా చేర్చిన జేసన్ లండన్ సైన్స్ మ్యూజియంలో ఉంది. వెళ్తే చూడొచ్చు. రేస్ గెలిచిన ఎర్ర కామెట్ ఇంగ్లండ్‌లోని ఓల్డ్ వార్డెన్‌లో, షటిల్‌వర్త్ కలెక్షన్‌లో ఉంది. ఎమీ, జిమ్ నడిపిన బ్లాక్ మ్యాజిక్‌ను రేస్ తర్వాత పోర్చుగల్ కొనుక్కుంది. ఏళ్ల తరబడి అక్కడ మూలన పడి ఉన్న దాని అవశేషాలను తిరిగి ఇంగ్లండ్‌కు తెచ్చారు. అభిమానులు దాన్ని మళ్లీ నిలబెట్టే పనిలో పడ్డారు. హల్‌లో, హెర్న్ బేలో ఎమీ విగ్రహాలున్నాయి.

మీ సిమ్యులేటర్‌లో కామెట్ ఉంటే ఓసారి ఈ లెగ్ ట్రై చేయండి. రాత్రి పూట, మ్యాప్ పక్కన పడేసి, దిక్సూచి, గడియారంతో మాత్రమే కరాచీ నుంచి అలహాబాద్. ఇప్పటి పేరు ప్రయాగ్‌రాజ్. నర్మదా నది కనిపించిందంటే దక్షిణానికి బాగా జరిగిపోయినట్టే, జబల్‌పూర్ అక్కడే. మెనూలో స్లైడర్ జరిపితే ట్యాంక్ నిండిపోతుంది, ఏ రకం పెట్రోల్ అని సిమ్యులేటర్ అడగదు. ఆ రాత్రి ఎమీకి మాత్రం అన్నిటికంటే ముఖ్యమైన ప్రశ్న అదే.